పుట్టినరోజులు రాని కంప్యూటర్

ఆమెకు ఇంట్లో ముద్దుపేరు కంగారు. పెట్టింది కన్నతండ్రే. తలుపుకి తాళం వేశానో లేదోనని వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చే మనిషికి అంతకంటే మంచి పేరు ఎవరు మాత్రం పెట్టగలరు? కళ్ళద్దాల షాపులో ఫ్రేములకి అద్దాలు బిగించే పని ఆమెది. పద్నాలుగేళ్ళుగా అక్కడ ఒక్కనాడూ చెయ్యి వణకలేదు. ఆ వణుకంతా దాచిపెట్టి ఇంటికి తెచ్చుకుంటుంది.

ఆ మధ్యాహ్నం మాత్రం ఆమె కంగారుకి గట్టి కారణమే ఉంది. టైము రెండున్నర. నాలుగింటికి ఫిజియోథెరపీ మేడమ్ కాగితం పట్టుకుని వస్తుంది. నాన్నకి పక్షవాతం వచ్చి నలభై రోజులు. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రి వాళ్ళు ఇంటికొచ్చి చేయించే వ్యాయామం కొనసాగాలా, ఆగిపోవాలా అన్నది ఆ కాగితం తేలుస్తుంది. అందులో మొట్టమొదటి ప్రశ్న, ‘రోగికి మనం చెప్పేది అర్థమవుతోందా?’ అని. ఇప్పటికి రెండుసార్లు ఆ గడిలో ఇంటూ పడింది. మూడోది కూడా పడిందంటే ఇక రారు. అర్థం కాని మనిషికి వ్యాయామం నేర్పడం దండగని వాళ్ళ లెక్క.

మేడమ్ చెడ్డది కాదు, పాపం. “ఈ బంతి నొక్కండి బాబాయ్‌గారూ” అంటే ఈయన కిటికీ వైపు చూస్తాడు. “ఇవాళ తారీకెంత? వేళ్ళతో చూపించండి” అంటే కళ్ళు మూసుకుంటాడు. ఆవిడ మాత్రం ఏం రాస్తుంది?

అందుకే కంగారుకి నాన్న ఒకప్పుడు కంప్యూటర్లో ఆడిన బంతి ఆట గుర్తొచ్చింది. రబ్బరు బంతి నొక్కనివాడు తెరమీద బంతికైనా చెయ్యి చాపుతాడేమోనని ఆశ.

నాన్న ముప్పై రెండేళ్ళు లిఫ్టు మెకానిక్‌గా చేశాడు. ఊళ్ళో సగం మేడల్లో జనం పైకీ కిందికీ తిరిగారంటే ఆయన చలవే. గోళ్ళలో గ్రీజు ఏ సబ్బుకీ లొంగలేదు. లిఫ్టు గోతిలో మోటారు హోరుకి మాట వినపడదు కనక పైనున్నవాడూ కిందున్నవాడూ సైగలతోనే మాట్లాడుకునేవాళ్ళు. పిడికిలి బిగిస్తే ‘ఆపు’. అరచెయ్యి బోర్లించి గాలిని అదిమితే ‘మెల్లగా’. అలాంటివి బోలెడు. ఆ సైగలు ఆయనతోపాటే ఇంటికొచ్చేవి. పరీక్షల ముందు కూతురు గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే ఆయన పేపరు మీంచి తలెత్తకుండానే అరచెయ్యి బోర్లించి అదిమేవాడు. మెల్లగా.

పాడైందని ఎవరైనా పారేస్తే ఆయనకి పండగే. ఒక ఆఫీసు వదిలించుకున్న కంప్యూటర్‌ని అలాగే భుజాన వేసుకొచ్చి బాగుచేశాడు. అందులో దొరికింది ఈ ఆట. కింద చిన్న పలక, దానిమీద ఎగిరే బంతి, పైన పగలగొట్టాల్సిన రంగు ఇటుకలు. అంతే సంగతి. పని నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా అరగంట ఆడేవాడు. అదేం కంప్యూటరో గానీ, అది చెప్పే తారీకుకీ లోకానికీ ఎప్పుడూ సంబంధం ఉండేది కాదు. కంగారు ఓసారి స్కూలు రికార్డు దానిమీద ప్రింటు తీసింది. మూడేళ్ళ కిందటి మార్చి తొమ్మిది అని అచ్చయింది. టీచరు ఎర్రసిరాతో సున్నా చుట్టి క్లాసు బయట నిలబెట్టింది. ఏడుస్తూ ఇంటికొస్తే నాన్న పగలబడి నవ్వాడు. “దానికి పుట్టినరోజులు రావే పిచ్చిదానా” అన్నాడు. ఎందుకు రావో చెప్పలేదు, ఈమె అడగలేదు.

ఆ పాత కంప్యూటర్ డిస్కులోని ఆటనే ఇప్పుడు ఆమె లాప్‌టాప్‌లోకి ఎక్కించింది. ఎక్కడమైతే ఎక్కింది కానీ తెరుచుకోవడమే లేదు. నాన్న మంచం పక్కన స్టూలు వేసుకుని, ఫోను స్పీకర్లో పెట్టి, వదినను బతిమాలుతోంది. అన్నయ్య భార్య ఆవిడ, ఒక పెద్ద ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం.

“కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్‌లోకి వెళ్ళు. పాత విండోస్‌లా నడవమని పెట్టావా?”

“పెట్టాను. గుండ్రం తిరిగింది, ఆగిపోయింది.”

“తిరిగిందంటే కొన ఊపిరుంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరువు.”

తెరిచింది. బూడిదరంగు పెట్టె ఒకటి తళుక్కుమని మాయమైంది.

“అయ్యో, ఏదో వచ్చి పోయింది వదినా!”

“ఏం రాసుంది?”

“చదివేలోపే పోయింది!”

“రెప్ప వేసుంటావు.”

“రెప్ప వేసే తీరిక కూడానా నాకు!”

ఈసారి ఫోను కెమెరాతో తీసింది. పెట్టెలో అక్షరాలకి బదులు గళ్ళు, ప్రశ్న గుర్తులు. యాంటీవైరస్ ఆపమంది వదిన. “ఆపితే ఏమన్నా అవుతుందేమో?” అంటే, “అసలు ఆటే లేదు, నీకు వైరస్ భయమొకటి” అని కసిరింది. ఆపింది. రంగులు తగ్గించింది. తెర కొలత మార్చింది. ఫోల్డర్ చోటు మార్చింది. లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేసింది. అదే గుండ్రం, అదే తళుకు, అదే మాయం. మూడు దాటి పది నిమిషాలు.

ఈలోపు నాన్న ఎడమచెయ్యి లేపాడు. గోడ వైపు వేలు చూపించి, గాల్లో గిర్రున తిప్పాడు.

“మాత్ర టైమా నాన్నా? నాలుగున్నరకి కదా” అని ఆమె నీళ్ళు పట్టింది. ఆయన తాగలేదు.

ఇంకాసేపటికి మళ్ళీ అదే. గోడ, వేలు తిప్పడం. ఆమె లేచి గడియారం చూసింది, అయిదు నిమిషాలు ముందుంది. దించి, ముల్లు వెనక్కి తిప్పి, మళ్ళీ తగిలించింది. నాన్న గొంతులోంచి గుర్రుమని కోపంగా ఒక చప్పుడు వచ్చింది.

“మామయ్య ఎందుకలా అరుస్తున్నారు?” అంది వదిన.

“ఏమో వదినా. ఊరికే వేలు తిప్పుతున్నాడు.” ఆమె మౌస్ వదిలేసింది. “ఎందుకులే ఈ తిప్పలు. మేడమ్ రాసిందే నిజమేమో. నాన్నకేం తెలియట్లేదు. నన్ను చూసినా గోడను చూసినా ఆయనకి ఒకటే.”

 మంచం కడ్డీ మీద ఠంగుమని దెబ్బ పడింది. కొట్టింది నాన్న. ఆయన కళ్ళెర్రగా ఉన్నాయి. వేలు గడియారం మీద లేదు, దాని పక్కన వేలాడే క్యాలెండర్ మీద ఉంది. అక్కణ్ణుంచి లాప్‌టాప్ మీదికి తెచ్చాడు. అప్పుడు తిప్పాడు, ఎడమకి, మళ్ళీ ఎడమకి.

ఆ సైగ ఆమె ఎరిగినదే. చిన్నప్పుడు మేడమీది మోటారు గదిలో కూర్చుని వంద సార్లు చూసింది. వెనక్కి తిప్పు.

“వదినా,” అంది ఫోను దగ్గరికి లాక్కుని, “ఈ ఆటకి గడువేమన్నా ఉంటుందా?”

“కొనకుండా ఆడేదైతే ముప్పై రోజులుంటుంది. ఆ తర్వాత తెరుచుకోదు. ఎందుకు?”

ఎందుకా! నెలకోసారి కంప్యూటర్ తారీకుని అదే మార్చి తొమ్మిదికి వెనక్కి తిప్పేసి ముప్పై రోజుల ఆటని పదకొండేళ్ళు ఆడాడు మహానుభావుడు! పుట్టినరోజులు ఎక్కణ్ణుంచి వస్తాయి దానికి? ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. తారీకు తనంతట తాను సరిచేసుకునే మీట ఆపింది. అప్పుడు స్కూలు రికార్డు మీద అచ్చయిన సంవత్సరం పెట్టింది, మార్చి పెట్టింది. తొమ్మిది ఆమెకి గుర్తే, క్లాసు బయట నిలబడ్డవాళ్ళు ఎలా మర్చిపోతారు? అయినా కావాలని అడిగింది.

“తారీకెంత నాన్నా?”

ఎడమచేతి అయిదు వేళ్ళూ లేచాయి. ముడుచుకున్నాయి. మళ్ళీ నాలుగు లేచాయి.

ఆట తెరుచుకుంది. లాప్‌టాప్‌లోంచి పిచ్చి సంగీతం గీపెట్టింది. ఫోనులో వదిన ఈల వేసింది. ఆ గోలలో గుమ్మం దగ్గర మేడమ్ నిలబడి ఉండటం ఎవరూ చూడలేదు. పది నిమిషాలు ముందే వచ్చేసింది ఆవిడ.

ఆవిడ కుర్చీ లాక్కుని, కాగితం తీసి, ఎప్పటి ప్రశ్నే అడిగింది. “ఇవాళ తారీకెంత బాబాయ్‌గారూ?”

నాన్న అయిదు వేళ్ళు చూపించాడు. ఆ తర్వాత నాలుగు.

ఆ రోజు పన్నెండు. మేడమ్ నిట్టూర్చి పెన్ను మూత తీసింది.  “అది కాదు మేడమ్, కంప్యూటర్లో మేము...” అని కంగారు ఏదో చెప్పబోయింది.

నాన్న పిడికిలి బిగించాడు. ఆపు. వేలితో లాప్‌టాప్ చూపించి మళ్ళీ తొమ్మిది పెట్టాడు. తర్వాత గోడమీది క్యాలెండర్ చూపించాడు. అయిదు. అయిదు. రెండు.

పెన్ను ఆగింది. మేడమ్ తెర మూలన ఉన్న తారీకు చూసింది, క్యాలెండర్ చూసింది, ఆయన ముఖం చూసింది. మొదటి గడిలో నిదానంగా టిక్కు పెట్టింది. ఆ తర్వాత ఆయన కుడిచెయ్యి పట్టుకుని మౌస్ మీద పెట్టింది. బంతి వచ్చి కిందపడిపోయింది. రెండోదీ పడిపోయింది. మూడోసారి పలక వెంట్రుకవాసి జరిగింది. బంతి దానికి తగల్లేదు కానీ జరగడం మాత్రం ముగ్గురూ చూశారు.

మేడమ్ వెళ్ళాక కంగారు మంచం పక్కన నేలమీద కూలబడింది. నలభై రోజులుగా ఈ గదిలో, ఈయన తల పక్కనే నిలబడి తను ఫోనులో అందరితో అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఇందాక అన్నది అన్నిటికంటే గట్టిగా.

“నాన్నా, అన్నీ వింటూనే ఉన్నావా? నేనన్నవన్నీ?”

ఆయన ఆమె వైపు తల తిప్పాడు. తర్వాత ఎడమ అరచెయ్యి బోర్లించి, గాలిని మెల్లగా అదిమాడు.