ఐదడుగుల దూరం నుంచి కందిరీగ

పొద్దున్నే లేవగానే మా బావ ఎవరి ముఖమూ చూసేవాడు కాదు. పెరటి వసారాలో బట్టలారేసే తీగకు కట్టిన దారప్పోగును చూసేవాడు. మా అక్క కుట్టుపెట్టెలోంచి తెచ్చి కట్టిన తెల్లదారం అది, జానెడుంటుంది. నిలువుగా వేలాడుతుంటే ఆ పూట ఇంట్లో అందరూ సుఖంగా ఉండేవారు. కదిలిందా, ఇక కాఫీ చల్లారినా, సబ్బు కనపడకపోయినా, అంతా ఆ గాలి చేసిన పాపమే. "ఆకు కదిలితే పురుగు కదులుతుంది. పురుగు కదిలితే నా ఫోటో గాలికి పోయినట్టే" అని విసుక్కునేవాడు.

బావ ఉద్యోగం ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లలో అంకెలు రాసుకోవడం. మీటరు పెట్టె మూత తీయగానే ముందు పలకరించేవి అంకెలు కావు, సాలెపురుగులూ బల్లిగుడ్లూ మట్టిగూళ్ళూ. తోటివాళ్ళు పుల్ల పెట్టి దులిపేసి తమ పని చూసుకునేవారు. బావ మాత్రం మూత సగమే తెరిచి, మెడ వంచి అంకెలు చదువుకుని, మళ్ళీ మెల్లగా మూసేవాడు. ఆయన మెడ కాస్త ఎడమకు ఒరిగి ఉండడానికి కారణం ఆ మూతలేనని మా అక్క నమ్మకం.

పురుగుల ఫోటోలకు ఆయన వాడేది మూరెడు పొడుగున్న లెన్సు. పెళ్ళిళ్ళ ఫోటోలు తీసే ఆయన ఆ పని మానేస్తూ బావ చేతిలో పెట్టిపోయాడు. దూరంగా ఉన్నవాటిని దగ్గరకు లాగి చూపిస్తుంది. చూసిన ప్రతివాళ్ళకూ ఒకటే సందేహం. నేనూ ఆగలేక ఒకసారి అడిగాను.

"చీమను తియ్యడానికి ఫిరంగి ఎందుకు బావా?"

"నువ్వు అన్నం తింటుంటే ఎవడో వచ్చి నీ ముక్కు మీద ముక్కు పెట్టాడనుకో, తింటావా?"

"తినను."

"అదీ తినదు, లేచిపోతుంది. అందుకే ఐదడుగులు వెనక నిలబడాలి. అంతకన్నా దగ్గరకెళితే ఈ లెన్సుకు చూపు ఆనదు, అంతా మసకే. ఇది ఎంతమందికని చెప్పను రా? ఒక బోర్డు రాయించి మెడలో వేసుకోనా?"

ఆ ఏడు వానలు వెనకబట్టాక, చిన్నపిల్లల బడి పంతులమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మట్టికుండ కట్టే కందిరీగ గురించి పిల్లలకు చిన్న పుస్తకం వేస్తున్నామని, పన్నెండు ఫోటోలు కావాలని అడిగింది. అప్పటిదాకా బావ ఫోటోలు ఇంటి గడప దాటలేదు. "బాగున్నాయి, మనుషులను కూడా తియ్యొచ్చుగా" అనడమే చుట్టాల మెప్పు. ఆమె మాత్రం ఒక్కొక్కటీ కిటికీ వెలుతురులో పెట్టుకుని చూసింది. కందిరీగ కాళ్ళ మధ్య మట్టి ఉండను చూసి, "ఇంత బరువు మోస్తుందా పాపం" అంది. బావ ఆమెను వీధి చివరిదాకా సాగనంపి వచ్చాడు. మనిషికి ఒక మంచి మాట పంపడానికి భగవంతుడు ఎంత ఆలస్యం చేసినా, మరచిపోడని అనుకున్నాను.

పదకొండు ఫోటోలు ఉన్నాయి. మట్టి తేవడం, సన్నమూతి కుండ చెయ్యడం, ఆకుపురుగును మోసుకొచ్చి లోపల పెట్టడం, మూతి మూసి వెళ్ళిపోవడం. కుండకు కన్నం చేసుకుని పిల్ల కందిరీగ బయటకు వచ్చే పన్నెండోదే లేదు. నెలాఖరుకల్లా అందకపోతే అక్కడ బొమ్మ గీయించి అచ్చుకు ఇచ్చేస్తానని పంతులమ్మ మెత్తగానే చెప్పింది. మట్టికుండల కాలం కూడా అయిపోవస్తోంది. బొమ్మ అన్న మాట బావకు చెప్పులో రాయిలా అయింది.

మా ఇంటి కిటికీ చట్రం మీద ఒక కుండ ఉండేది. పదిరోజులు కాపు కాశాక అక్క తడిగుడ్డ పెట్టి తుడిచేసింది.

"అంటుకున్న మట్టి అనుకున్నానండీ."

"మట్టే. కాదని నేనన్నానా?"

"మరి ముందే చెప్పొచ్చుగా."

"పదిరోజులుగా ఇంకేం చెబుతున్నాను?"

"మీరు లెన్సు గురించి చెబుతున్నారు."

బావ దారప్పోగు దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. ఆ రోజు అది అసలు కదల్లేదు, అదీ ఒక బాధే.

ఇక మిగిలింది కాన్పుల నర్సమ్మగారి ఇంట్లో కుండ. ఆవిడ ఆసుపత్రిలో పురుళ్ళు పోసి పోసి రిటైరయిన మనిషి. ఊళ్ళో సగం మందిని తలకిందులుగా పట్టుకున్న చేతులు అవి. ఇప్పుడు ఆ చేతులు ఊరికే ఉండలేక ఇల్లు కడుగుతుంటాయి. వసారా స్తంభం మీద, మీటరు పెట్టె పక్కనే కందిరీగ కుండ మూసిన రోజున బావ అక్కడ అంకెలు రాసుకుంటున్నాడు. ఆ రోజు నుంచి లెక్కపెట్టుకుని, రోజూ డ్యూటీకి ముందు వెళ్ళి, ఐదడుగుల దూరంలో స్టాండు నిలిపి ఫోటో తీసుకుని వచ్చేవాడు.

ఆ ఫోటోలు ఎందుకో ఆవిడకు చెప్పలేదు. "చెబితే వంగి చూస్తుంది. చూస్తే ఊదుతుంది" అని ఆయన భయం.

ఇంటికొచ్చి మాత్రం మా మీద పడేవాడు. "కుర్చీ తెస్తుందిరా. వద్దంటే తెస్తుంది. కుర్చీ కాలు స్టాండుకు తగులుతుంది. కడిగిన గ్లాసు మళ్ళీ కడిగి మంచినీళ్ళు తెస్తుంది. వెలుగు వచ్చే పక్కనే నిలబడి 'తాగు నాయనా' అంటుంది. ఆ ముఖం చూసి కసురుకోవడం ఎలా? నేర్పించు నాకు."

పద్దెనిమిదో రోజున సంచి పట్టుకుని నేనూ వెళ్ళాను. గేటు తీయగానే ఫినాయిలు వాసన కొట్టింది. స్తంభం బ్రష్షుతో తోమి, సున్నం వేసి, పాలలో ముంచి తీసినట్టు ఉంది. మీటరు పెట్టె అద్దంలా మెరుస్తోంది. నర్సమ్మగారు ఇస్త్రీ చీర కట్టుకుని పక్కన నిలబడ్డారు.

"కరెంటాఫీసు వాళ్ళు మీటరు ఫోటోలు అడుగుతున్నట్టున్నారు. ఇన్నాళ్ళూ మాసిన స్తంభాన్నే తీసుకుపోతున్నావు, నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. నాకే సిగ్గేసింది నాయనా. ఇవాళ తీసుకో."

బావ నిన్నటిదాకా కుండ ఉన్న చోటునే చూశాడు. "మీరు చాలా మంచివారండీ" అన్నాడు. ఆ మాటను అంత కోపంగా అనగా నేనెక్కడా వినలేదు.

తరువాత మెట్ల మీద కూలబడి పుస్తకం సంగతీ, పన్నెండో ఫోటో సంగతీ చెప్పాడు.

"గోళీకాయంత కుండేనా?"

"అదే."

"చాకుతో గీరితే ఊడొచ్చింది. ఏ జీవం ఉందోనని చెత్తలో వెయ్యబుద్ధి కాలేదు. పూలకుండీలో పెట్టాను."

బావ నాకన్నా ముందు కుండీ దగ్గరకు చేరాడు. మొక్క మొదట్లో ఉంది. అడుగున బఠాణీగింజంత చిల్లు పడింది తప్ప నిండుగా ఉంది. టార్చి వేసి చూస్తే లోపల ముడుచుకున్న కాళ్ళు, నల్లబడుతున్న ఒళ్ళు. కొద్దిగా కదిలింది.

"కందిరీగ చుట్టూ తిరిగి ఝుమ్మంటుంటే లోపలి పురుగే కందిరీగ అవుతుందంటారు కదా, నేను మధ్యలో పాడుచేశానా?" అన్నారు నర్సమ్మగారు.

"అలాంటిదేం లేదండీ. ఆ ఆకుపురుగు దీని అన్నం. తల్లి అన్నం పెట్టి, తలుపేసి వెళ్ళిపోతుంది. మళ్ళీ రాదు."

మా ఊరి బడిలో పంతులుగారు భ్రమరకీటక న్యాయమని ఆ కథ చెబితే నేను చేతులు జోడించుకుని విన్నాను. తలచుకుంటూ ఉంటే పురుగైనా భ్రమరం అవుతుందట. కథ నిజం కాదని తెలిశాక మనసు చిన్నబోతుందనుకున్నాను. చూడబోని బిడ్డకు అన్నం దాచి వెళ్ళిన తల్లి సంగతి విన్నాక, మళ్ళీ చేతులు జోడించాలనే అనిపించింది.

బావ తడిమట్టితో చిల్లు పూడ్చి, స్తంభానికి సున్నం పడని వెనకవైపున కుండను అతికించాడు. "స్తంభం ఇంత తెల్లగా ఉంటే ఎండకు కళ్ళు పోతాయి, లెన్సూ పోతుంది" అని అతికించినంతసేపూ సణుగుతూనే ఉన్నాడు.

రంగును బట్టి రేపో ఎల్లుండో బయటపడాలి. ఆ రెండు రోజులూ నెలాఖరు రీడింగులు, దూరపు వీధులు. సెలవు అడిగితే పై అధికారి, "పురుగు పురుడుకు సెలవేంటయ్యా, మీ ఆవిడ పురుడుకే ఇవ్వలేదు" అని నవ్వి, కాగితం వెనక్కి తోశాడు.

మర్నాడు పొద్దున బావ కెమెరాను స్టాండు మీద బిగించి, కాళ్ళ చుట్టూ సుద్దముక్కతో గీతలు గీశాడు. ఆ కెమెరాను మా అక్కచేత దుమ్ము కూడా తుడవనివ్వడు. దాని వైరు చివరనున్న బటన్ తెచ్చి నర్సమ్మగారి చేతిలో పెట్టాడు. ఆవిడ తన కుర్చీని గీతలకు ఇవతలే వేసుకున్నారు.

"నొప్పులు మొదలైనట్టు ఎలా తెలుస్తుంది?"

"మట్టి ఒకచోట తడిసి నల్లబడుతుంది. లోపలినుంచి నానబెట్టి కొరుకుతుంది."

"ఎంతసేపు పడుతుంది?"

"గంట పట్టొచ్చు, పూట పట్టొచ్చు."

"మూడు రోజులు కూర్చున్న కాన్పులున్నాయిలే నాకు. నువ్వెళ్ళు."

బావ గేటు దాకా వెళ్ళి, సంచి నాకిచ్చి మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"నర్సమ్మగారూ, ఇంకొక్క సాయం చెయ్యాలి. అది ఎంత అవస్థ పడుతున్నా సరే, తల బయట పెట్టి ఆగిపోయినా సరే, మీరు చెయ్యి వెయ్యకండి. ఆ బటన్ నొక్కుతూ ఉండండి, అంతే."