మంచు కట్టను పట్టిచ్చిన పోపు

ఉద్యోగ విరమణకు ముందు సంవత్సరం, ఏప్రిల్ నెలాఖరులో, విక్టోరియా కొండల మీద ఉన్న ఒక స్కీయింగ్ గ్రామానికి నన్ను పంపారు. అప్పుడు నేను మెల్‌బోర్న్‌లో భవనాలను పరీక్షించే ఒక సంస్థలో సీనియర్ ఇన్‌స్పెక్టర్‌ని. ఇంటికి వచ్చిన జబ్బేమిటో కనిపెట్టి, ఏం చేయాలో రాసివ్వడం వరకే నా పని. చేయడం వేరేవాళ్ల పని. ఈ తేడాను ఇంటి యజమానులు సాధారణంగా ఒప్పుకోరు.

ఆస్ట్రేలియాలో మంచేమిటని కాకినాడలో మావాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ కొండల మీద ఇళ్ల కప్పులు కనిపించనంతగా పడుతుంది.

ఇల్లు డాక్టర్ సుధాకర్ గారిది. ఒంగోలు మనిషి. మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో ఉంటూ ఊపిరితిత్తుల వైద్యుడిగా ఏళ్ల తరబడి పనిచేసి, ముచ్చటపడి కొండ మీద ఆ పాత ఇల్లు కొనుక్కున్నారు. కిందటి చలికాలంలో పడకగది సీలింగు నీళ్లకు నాని, ఒక పెద్ద పలక ఊడి మంచం మీద పడింది. ఆ మంచం మీద పడుకునే ఆయన పెద్ద వదినగారు కాఫీ కోసం అప్పుడే వంటింట్లోకి వెళ్లారట. కాఫీ ప్రాణం నిలబెట్టిందని చుట్టాలంతా నవ్వుకున్నారు గానీ, డాక్టరుగారి భార్య రాజ్యలక్ష్మి గారికి నవ్వు రాలేదు.

"మా అక్క తల మీద పడాల్సిందండీ అది. ఈ వింటర్‌లో ఒక్క చుక్క కారినా ఇల్లు అమ్మేస్తాం. ఆయనకీ చెప్పేశాను, మీకూ చెబుతున్నా," అన్నారావిడ గుమ్మంలోనే.

డాక్టరుగారు అప్పటికే రోగ నిర్ణయం చేసేశారు. "రేకులు పాడైపోయాయమ్మా వాణీ. రూఫ్ మొత్తం రీప్లేస్ చేయించేద్దాం, అంచుల వెంట మంచు కరిగేలా హీటింగ్ కేబుల్ వేయిద్దాం. నువ్వు జస్ట్ రిపోర్ట్ రాసిచ్చెయ్."

నాతో వచ్చిన ట్రెవర్ రూఫ్ ప్లంబరు. రేకుల కప్పు పనిచేసేవారిని ఇక్కడ అలా అంటారు. అతను కప్పంతా తిరిగి చూసి, రేకులు భేషుగ్గా ఉన్నాయని, ఇంకా చాలా ఏళ్లు నిలుస్తాయని చెప్పాడు. డాక్టరుగారు సెకండ్ ఒపీనియన్ కావాలన్నారు.

ఈ జబ్బును మా వృత్తిలో మంచు కట్ట అంటాం. ఇంట్లోని వెచ్చటి గాలి సీలింగు సందుల్లోంచి పైకి చేరి, కప్పు మీది మంచును అడుగు నుంచి కరిగిస్తుంది. కరిగిన నీరు చూరు దాకా జారుతుంది. చూరు గోడ బయట ఉంటుంది కాబట్టి దానికి ఇంటి వెచ్చదనం అందదు. నీరు అక్కడ మళ్లీ గడ్డకట్టి, చేనుకు గట్టు వేసినట్టు అడ్డం నిలబడుతుంది. వెనకాల చేరిన నీరు పోయే దారిలేక, రేకుల అతుకుల్లోంచి ఇంట్లోకి దిగుతుంది. కాబట్టి చూరును వేడిచేస్తే చాలదు, కప్పును చల్లగా ఉంచాలి. వెచ్చటి గాలి ఎక్కడినుంచి ఎక్కుతోందో మంచు పడకముందే పట్టుకోవాలి.

ముఖానికి గుడ్డ కట్టుకుని, టార్చి పట్టుకుని, కప్పుకీ సీలింగుకీ మధ్యనున్న ఖాళీలోకి దూరాను. వెనకాలే ట్రెవర్. దూలాల మధ్య కొంతదూరం పాకామో లేదో, ఎండుమిరపకాయల ఘాటు గుప్పున కొట్టింది. ఇద్దరికీ దగ్గు తెర ఆగలేదు.

"డ్రై కాఫా, వెట్ కాఫా, ఆ దగ్గు?" కిందనుంచి డాక్టరుగారి గొంతు ఆత్రంగా వినిపించింది.

"అమ్మా, ఏం చేస్తున్నారండీ?" అని వంటింట్లో ఉన్న రాజ్యలక్ష్మి గారికి వినపడేలా అరిచాను.

"పులిహోర పోపండీ, మీకోసమే. ఫ్యాన్ వేశాలెండి, పొగంతా బయటికే పోతుంది."

బయటికి పోవడం లేదు. స్టవ్ మీది ఫ్యాను గొట్టాన్ని పాత యజమాని గోడ దాటించకుండా, కప్పు కింద దూలాల మధ్యే వదిలేశాడు. టార్చి వెలుగులో అది నోరు తెరుచుకుని మా వైపే ఊదుతోంది. ఇడ్లీ ఆవిరి, పప్పు ఆవిరి, పోపు పొగ అన్నీ చలికాలమంతా అక్కడికే చేరాయన్నమాట.

కిందికి దిగి సంగతి చెప్పాను. రాజ్యలక్ష్మి గారు గరిటె పక్కన పెట్టారు. "అయితే నా వంట వల్లే కారిందంటారా?"

డాక్టరుగారి ముఖంలో ఒక వెలుగు కనిపించింది. ముప్పు గ్రహించి, తప్పు వంటది కాదు, గొట్టానిదని వెంటనే చెప్పాను. వెలుగు ఆరిపోయింది.

గొట్టం ఒక్కటే కారణమైతే పని సులువే. కానీ మిగతా సందులు కూడా తెలియాలి. ఆ గొట్టాన్ని తాత్కాలికంగా మూసి, వీధి తలుపుకు మా పరీక్ష ఫ్యాను బిగించి, బయటి గాలిని లోపలికి నెట్టించాను. అలా చేస్తే లోపలి గాలి సందున్న ప్రతిచోటా పైకి తోసుకుపోతుంది. ఆ సందులను చూపడానికి నా సంచిలో పొగపుల్లలున్నాయి. అయితే ఆ చీకట్లో సన్నటి పొగ కనిపించడం కష్టం. మిరపకాయ ఘాటుకు ఆ ఇబ్బంది లేదు.

"ఇంకోసారి పోపు వేస్తారా?" అని అడిగాను.

"ఎన్ని కాయలు వేయమంటారు?" అన్నారావిడ, ఆ రోజు మొదటిసారి నవ్వుతూ.

ట్రెవర్ మళ్లీ పైకెక్కాడు. సీలింగు దీపాల చుట్టూ ఉన్న సందుల దగ్గర తుమ్మాడు. పైకెక్కే దారికి వేసిన మూత అంచు దగ్గర దగ్గాడు. అతను దగ్గిన ప్రతిచోటా నేను కింద సుద్దముక్కతో గుర్తుపెట్టాను. డాక్టరుగారు కూడా టార్చి పట్టుకుని నా వెంట తిరిగారు. హీటింగ్ కేబుల్ మాట మరోసారి ఎత్తితే, అది జ్వరానికి తడిగుడ్డ వేయడమేనన్నాను. ఆ భాష ఆయనకు వెంటనే అర్థమైంది.

మంచు పడకముందే ట్రెవర్ గొట్టాన్ని గోడ దాటించి బయటికి తీశాడు. దీపాల మీద రక్షణ మూతలు పెట్టి, సందులన్నీ పూడ్చాడు. సీలింగు మీద దళసరిగా ఇన్సులేషన్ పరిచి, చూరు దగ్గర మాత్రం చల్లగాలి ఆడేందుకు దారి వదిలాడు.

ఆగస్టులో తనిఖీకి వెళ్లాను. కప్పు మీద మంచు కరగకుండా పరుపులా ఉంది. లోపల ఒక్క చుక్క లేదు. మంచం మీద పెద్ద వదినగారు నిశ్చింతగా గురక పెడుతున్నారు. డాక్టరుగారు మాత్రం కిటికీ దగ్గర దిగాలుగా నిలబడ్డారు. ఎదురింటి చూరుకు గాజు కడ్డీల్లా మంచు వేలాడుతోంది, టూరిస్టులు ఆగి ఫొటోలు తీసుకుంటున్నారు.

"మన ఇంటికి అలా ఒక్కటీ రాలేదేమ్మా?" అన్నారు.

అవి కారబోయే ఇంటి లక్షణాలని చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు గానీ, సంతోషించలేదు. మిగిలిన కొద్ది నెలల సర్వీసులో, పని మొదలుపెట్టకముందే ప్రతి యజమానికీ ఒక మాట చెప్పడం అలవాటు చేసుకున్నాను: మా పని సరిగ్గా జరిగితే, చూడటానికి మీకేమీ ఉండదు.