లోపలి గడియ ఉన్న బోగీ

2023 వర్షాకాలం. కొత్తగూడెం దాటాక అడవి అంచు ఊళ్లో నేను ఏఎన్‌ఎంని. మా సబ్‌సెంటర్, అంటే గర్భిణులకూ పిల్లలకూ తొలి వైద్యం దొరికే చోటు, ఒక పాత రైలు బోగీ. ఎప్పుడో లైను పనులకు తెచ్చి, చక్రాలు తీసి వదిలేసిన టేకు బోగీ. సెంటర్ కప్పు కూలితే సర్పంచ్ మమ్మల్ని అందులోకి మార్చాడు.

నిజం చెప్పాలంటే నాకది నచ్చింది. తలుపుకు లోపలినుంచి గడియ ఉండేది. అంతకుముందు పంచాయతీ వరండాలో దుప్పటి అడ్డం కట్టి పరీక్ష చేసేదాన్ని. గూడేల ఆడవాళ్లు ఎంత పిలిచినా వచ్చేవాళ్లు కాదు. బోగీలోకి మారాక ఒకరినొకరు వెంటబెట్టుకుని వచ్చారు.

ఆ రోజు జ్యోతి అనే అమ్మాయి వచ్చింది. ఏడో నెల, చూపించుకోవడం అదే మొదలు. కాళ్లు వాచాయి, బీపీ ఎక్కువగా ఉంది. అశ్రద్ధ చేస్తే ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డా ఇద్దరూ పోవచ్చు. కింది బెర్తు మీద పడుకోబెట్టి కడుపు చూస్తున్నాను. ఇంతలో ఎవరో బయటినుంచి కిటికీ చెక్క పైకెత్తి కెమెరా లోపలికి పెట్టారు. జ్యోతి చీర లాక్కుని ముడుచుకుపోయింది.

బయటికెళ్లి ఆ కెమెరా మనిషిని దులిపేశాను. ఆ పెద్దమనిషి బోగీ తయారుచేసిన కంపెనీ తరఫున వచ్చాడట, మ్యూజియం పెడుతున్నారట. చినుకుల్లో నన్ను నిలబెట్టి కంపెనీ పుట్టుపూర్వోత్తరాలన్నీ ఏకరువు పెట్టాడు. గుర్రాలు లాగిన ట్రాములు, కరెంటు ట్రాములు, టేకు బోగీలు, ఆ తర్వాత ఉక్కువి. అనుమతులు వచ్చేశాయి, వారంలో తీసుకుపోతామన్నాడు. మరి మేమెక్కడికి పోవాలంటే, దానితో తమకు సంబంధం లేదన్నాడు.

“ఇట్లాంటిది దేశంలో ఇంకోటి లేదు మేడం.”

నా వెనకే వచ్చిన జ్యోతి అంది: “మాకు గూడ ఇంకోటి లేదు సారు.”

ఆయన నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మండలానికీ జిల్లాకీ తిరిగాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. క్రేన్ వచ్చి బోగీని ఎత్తుకుపోయింది, మేం మళ్లీ వరండాలో పడ్డాం. వారం వారం బీపీ చూపించుకోవాల్సిన జ్యోతి రావడం మానేసింది. ఇంటికెళ్లి అడిగితే తల వంచుకుంది.

“గా వరండల అందరు సూస్తరక్కా. నేన్ రాను.”

అక్కడే చూస్తే, అప్పటికే బీపీ బాగా పెరిగింది. బతిమాలి, కోప్పడి, ఆటోలో భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాను. తల్లీబిడ్డా దక్కారు. కాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరమ్మ నాకు విడిగా చెప్పింది.

ఆ కేసు తర్వాత ఏ మీటింగుకు వెళ్లినా మందుల కంటే ముందు తలుపున్న గది అడుగుతున్నాను. విసుక్కునేవాళ్లు విసుక్కోనీ.

ఈమధ్య మ్యూజియం ఫోటో ఎవరో ఫోన్లో పంపారు. మా బోగీకి వార్నిష్ వేసి, పక్కన బోర్డు పెట్టారు: సేవలు ముగిసి, అడవిలో వృథాగా పడి ఉండగా కాపాడి తెచ్చినదట. క్రేన్ వచ్చిన పొద్దున కూడా నేను అందులో గర్భిణులను చూసి పంపాను.