నర్సయ్య మైకులో గురగుర

2022లో నేను బహ్రెయిన్ రాజధాని మనామాలో ఒక ఆడియో పరికరాల షాపులో సర్వీస్ టెక్నీషియన్‌ని. ఇళ్లల్లో పాటలూ వీడియోలూ రికార్డు చేసుకునేవాళ్లు బాగా పెరిగిన రోజులవి. వాళ్ల దగ్గర్నుంచి వచ్చే ఫిర్యాదు దాదాపు ఒకటే: "మైకులో సౌండ్ సరిగ్గా రావడం లేదు." చాలాసార్లు మైకు తప్పేమీ ఉండదు. కేబుల్ వదులుగా ఉండటమో, మైకు వెనక వైపు మాట్లాడటమో, ఏదో బటన్ నొక్కడం మర్చిపోవడమో కారణం. కాసేపట్లో తేలిపోతుంది.

నర్సయ్య ఫోన్ చేసినప్పుడు కూడా అలాంటిదే అనుకున్నాను.

ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. మనామాకి దగ్గర్లోని హిద్‌లో ఓడలు బాగుచేసే ఒక యార్డులో బ్లాస్టింగ్ పని, అంటే ఓడకి పట్టిన తుప్పూ పాత పెయింటూ ఊడిపోయేలా గాలి ఒత్తిడితో ఇసుక కొట్టడం. నలభై దాటిన మనిషి. సొంతంగా పాటలు కట్టి పాడేవాడు. కార్మికుల క్యాంపుల్లో మనవాళ్ల ఫోన్లలో ఆ పాటలు తిరిగేవి. కరీంనగర్‌లో జానపదాలు విడుదల చేసే ఒకతను అందులో ఒకటి విని, గొంతు శుభ్రంగా రికార్డు చేసి పంపితే సంగీతం చేయించి విడుదల చేస్తానన్నాడట. అది నడిస్తే గల్ఫ్ బతుకు చాలించి, ఊళ్లో పాటల మీదే బతకాలని నర్సయ్య ఆశ.

"సార్, మీ దుకాణంల కొన్న మైకే. పోయినేడు మంచిగనే పట్టింది. ఇప్పుడు నా గొంతు పడ్తనే లేదు. వాల్యూం పెంచితే ఒకటే గురగుర" అన్నాడు.

శుక్రవారం వెళ్లాను. పాత బిల్డింగులో గంగారాం అనే తోటి పనివాడితో కలిసి ఒక గదిలో ఉంటున్నాడు. ఒక మూల గోడలకి దుప్పట్లు వేలాడదీసి, మధ్యలో మైకు నిలబెట్టాడు. నిజం చెప్పాలంటే డబ్బున్నవాళ్ల ఇళ్లల్లో కూడా అంత శ్రద్ధ చూడలేదు.

కేబుల్ మార్చి చూశాను. ఫాంటమ్ పవర్, అంటే ఆ రకం మైకుకి కేబుల్ ద్వారా అందే కరెంటు, వస్తోంది. గెయిన్, అంటే మైకు పట్టిన శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే నాబ్, అప్పటికే చివరిదాకా తిప్పి ఉంది. ఆయన కుర్చీలో నేను కూర్చుని మామూలుగా మాట్లాడితే, శబ్దం ఎంతుందో చూపే మీటర్ ఎరుపులోకి పోయింది. అదే చోట ఆయన పాడితే సగానికి లేచి, చరణం చివరికి అడుగంటింది.

మైకు పాడైతే అందరికీ పాడవుతుంది. నాకు పలికి ఆయనకి పలక్కపోవడం ఉండదు.

పాత రికార్డింగు తెరవమన్నాను. కంప్యూటర్ తెరమీద శబ్దం అలల బొమ్మలా కనిపిస్తుంది. ఏడాది కిందటి పాటలో ప్రతి చరణమూ చివరిదాకా నిండుగా ఉంది. ఇప్పటిది మొదట కాస్త ఉబ్బి, సన్నబడిపోతోంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ గురగుర విన్నాను. ఏసీ ఆపించాను. పోలేదు.

"ఒక్కసారి ఊపిరి బిగబట్టండి" అన్నాను.

గురగుర ఆగిపోయింది. ఊపిరి వదలగానే మళ్లీ మొదలైంది, సన్నటి పిల్లికూతతో.

"దొరికిందా సార్?" అని ఆశగా అడిగాడు.

నేను చెప్పేలోపే మంచం మీదున్న గంగారామే అందుకున్నాడు. "నిద్రల గూడ గదే సప్పుడు సార్. నేను చెప్తే ఇంటలేడు. జర మీరన్న చెప్పున్రి."

హెడ్‌ఫోన్ తీసి నర్సయ్యకి పెట్టాను. తన ఛాతీ తనే కాసేపు విన్నాడు. మొహంలో నవ్వు పోయింది.

"గిది నాదా?"

"మీదే. మైకు బాగానే ఉంది. మీరు ముందు హాస్పిటల్‌కి వెళ్లాలండీ."

"దవాఖానకు పోతే సంగతి కంపెనీకి తెలుస్తది సార్. అన్‌ఫిట్ అంటే ఖలాస్. పాట పంపినంక పోత. మీరు గా సప్పుడు తీసేయరాదున్రి."

"పాటలోంచి తీయగలను" అన్నాను.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పాట నేను శుభ్రం చేసిస్తాను, మర్నాడు ఆయన నాతో డాక్టర్ దగ్గరికి రావాలి. ఆ సాయంత్రం ఒక్కో చరణం పాడించి, కూర్చోబెట్టి, దమ్ము తీసుకున్నాక తర్వాతది పాడించాను. ముక్కలన్నీ అతికి, మధ్యలో ఊపిరి చప్పుడు తీసేశాను. తెరమీద అలలు అందంగా సమంగా వచ్చాయి. వింటే మాత్రం అలసట దాగలేదు.

మాట ప్రకారం వచ్చాడు. ఎక్స్‌రే చూసిన డాక్టర్, ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని అవి గట్టిపడిపోయాయనీ, పోయింది తిరిగి రాదనీ, ఉన్నదైనా నిలవాలంటే ఆ పని వెంటనే మానాలనీ చెప్పాడు. నర్సయ్య ఒక్కటే అడిగాడు: "పాడొచ్చా సార్?" డాక్టర్ ఎక్స్‌రే కవర్లో పెట్టి నా చేతికిచ్చాడు.

ఆయన భయపడినట్టే కంపెనీ ఇంటికి పంపేసింది. కరీంనగర్ అతను పాట బాగుంది గానీ గొంతులో జోరు లేదని, వేరే కుర్రాడితో పాడించి విడుదల చేశాడు. రాసినవాడిగా నర్సయ్య పేరు వేశాడు. ఊళ్లో ఎవరో దాన్ని ఫోన్లో వినిపించినప్పుడు నర్సయ్య "పోరడు మంచిగ పాడిండు, దమ్మున్నది" అన్నాడట. అప్పటికే ఆక్సిజన్ మీద ఉన్నాడు. మరుసటి వేసవికి చనిపోయాడని గంగారాం ఫోన్ చేసి చెప్పాడు. గంగారాం ఇంకా అదే యార్డులో ఉన్నాడు.

మా పనిలో నాయిస్, అంటే అక్కర్లేని చప్పుడు, తీసి పారేయాల్సిందే. అదెక్కడి నుంచి వస్తోందో తెలుసుకోకుండా తీయకూడదని నాకు నర్సయ్య దగ్గర తెలిసింది. ఇప్పుడు యార్డుల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా గొంతు సరిగ్గా పట్టడం లేదని పిలిస్తే, కేబుల్ చూస్తూనే ఎన్నాళ్లుగా దగ్గుతున్నారని అడుగుతాను. "మైకు చూడనీకి వచ్చినవా, నన్ను చూడనీకి వచ్చినవా?" అని మొన్న ఒకతను విసుక్కున్నాడు.

రెండూ అన్నాను.