పెట్రోల్ ట్యాంకు మీద చెంబు సొట్ట

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున్నే నాన్న "చేపలు తెస్తాను" అని సంచి పట్టుకుంటే, అమ్మ సంచివైపు చూసేది కాదు, ఆయన కాళ్లవైపు చూసేది. చెప్పులైతే చేపలకే... బూట్లైతే రేసుకి.

పోర్ట్ బ్లెయిర్‌లో, గోల్ ఘర్ ఇంట్లో, అనుమానించడం నేను అలా నేర్చుకున్నాను. తర్వాత బళ్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి దానికి పదును పెట్టుకున్నాను.

నాన్నది యుద్ధం నాటి పాత ఫట్‌ఫటియా... మోటార్ సైకిలు. ఆయన, ఇంకో అరడజను మంది గుమాస్తాలు, మాస్టర్లు గరాచర్మ దారిలో పందేలు వేసుకునేవారు. గెలిస్తే బహుమతేమీ లేదు... ఓడినవాడు టీ పోయించాలి, అంతే. ఒకసారి చేపలు లేకుండా, మోకాలు పగలగొట్టుకుని ఇంటికొస్తే, అమ్మ చేతిలోని ఇత్తడి చెంబు విసిరింది. నాన్న తప్పుకున్నాడు. బండి తప్పుకోలేదు. పెట్రోల్ ట్యాంకుకి ఎడమవైపు అరచేతంత సొట్ట... అందులో చెంబు అంచు గీత కూడా దిగిపోయింది.

"బాగుచేయిస్తే మళ్లీ విసురుతుంది" అని నాన్న దాన్ని అలాగే వదిలేశాడు.

దీవుల్లో బండి సామాను దొరికేది కాదు. మద్రాసు నుంచో కలకత్తా నుంచో రావాలి. ఆ ఓడ ఎప్పుడొస్తుందో ఓడకే తెలియదు. అందుకని ఒకరి బండి సామాను ఇంకొకరు బిగించుకునేవారు. "ఓడ వచ్చేదాకా ఉంచుకో" అని ఇచ్చేవారు... కాగితం లేదు, సాక్షి లేదు. ఒక్కటే కట్టుబాటు. ఎదుటివాడి వస్తువు తిరిగిచ్చాకే, నీ వస్తువు నువ్వు నోరు తెరిచి అడగాలి.

నాన్న పోయాక బండి మా తమ్ముడు సూరిబాబుకి వచ్చింది. పిచ్చి కూడా దాంతోపాటే వచ్చింది. బండిని సిప్పీఘాట్ పల్లంలో ఒక షెడ్డులో పెట్టుకునేవాడు.

సునామీ వచ్చిన ఆదివారం... షెడ్డు లేదు, పల్లమూ లేదు. పొలాల్లోకి వచ్చిన నీళ్లు వెనక్కి పోలేదు. సూరిబాబు ఇంట్లో ఉన్నాడు కాబట్టి మాకు మిగిలాడు.

"బండి సముద్రం పట్టుకుపోయిందక్కా" అన్నాడు. నా మొహంలోకి మాత్రం చూడలేదు.

ఆ రోజుల్లో నిజంగా పోగొట్టుకున్నవాళ్లకి నోట మాట వచ్చేది కాదు. మిగతావాళ్లు అన్నీ సముద్రం మీదకి తోసేశారు. ఎప్పుడో పారేసుకున్న రేషన్ కార్డు, అసలు కొననే కొనని పట్టుచీర... మా క్లాసులో గుట్ట మీద ఇళ్లున్న పిల్లల హోంవర్కు పుస్తకాలు కూడా కొట్టుకుపోయాయి.

అందుకే అడిగాను. "నిజం చెప్పరా... ఎవరికి అమ్మేశావు?"

వాడు అన్నంలో చెయ్యి కడుక్కుని లేచి వెళ్లిపోయాడు.

రెండేళ్లు మా మధ్య మాటల్లేవు. నేను అరిసెలు పంపేదాన్ని. వాడు డబ్బా శుభ్రంగా తోమి పంపేవాడు... అందులో ఒక్క మాటైనా ఉండేది కాదు. పైగా పందేల వైపు వెళ్లడం కూడా మానేశాడని విన్నాను. తప్పు చేసినవాడే మొహం చాటేస్తాడు అనుకున్నాను.

ఒక ఆదివారం గరాచర్మ దగ్గర మా బస్సు ఆగిపోయింది. ముందు పాత బళ్ల పందెం. కుర్రాళ్లనుకునేరు... అందరికీ జుట్టు నెరిసింది, సగం మందికి మోకాళ్ల నొప్పులు. ఒక బండి మా కిటికీ పక్కన ఆగింది. ట్యాంకుకి ఎడమవైపు... చెంబు సొట్ట!

బస్సు దిగాను.

"ఇదెక్కడిది?"

అతను హెల్మెట్ తీశాడు. రహీం భయ్యా, సూరిబాబుతో ఏళ్ల తరబడి పందేలు వేసిన మనిషి.

"చోరీ మాల్ కాదు దీదీ... కసమ్ సే, ఒట్టు."

"చోరీ అని నేనన్నానా?"

"మీ కళ్లే అంటున్నాయి దీదీ."

సంగతి ఇది. సునామీకి రెండ్రోజుల ముందు నాన్న ట్యాంకు అతుకు దగ్గర కారుతోందని, వెల్డింగ్ చేయించడానికి రహీం పట్టుకెళ్లాడు. వాడికి ఆదివారం పందెం తప్పిపోకూడదని తన ట్యాంకు విప్పి సూరిబాబు బండికి బిగించాడు. ఆ బండిని, ఆ ట్యాంకుతో సహా, సముద్రం పట్టుకుపోయింది. మా ట్యాంకు ఇలా రహీం బండి మీద మిగిలింది.

"మరి మాది తిరిగివ్వలేదేం?"

"సూరి అడగలే దీదీ. నేనే తీసుకెళ్తే, నా ట్యాంక్ అడగడానికొచ్చా అనుకుంటాడు. షరమ్‌తో తల దించుకుంటాడు బిచారా."

"నన్ను బండెక్కించుకో" అన్నాను.

ముందు గోల్ ఘర్‌లో మా ఇంటికి... ఒక వస్తువు తీసుకోవాలి. అక్కణ్నుంచి డెయిరీ ఫార్మ్ పేటలో తమ్ముడింటికి. రెండేళ్ల తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట... "ఏటక్కా, బస్సుల్లేవా?"

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే నువ్వెళ్లి అడిగేస్తావు."

నిజమే. అడిగేసేదాన్ని.

"భయ్యాది నేనివ్వలేను కదక్కా... నాదేటని అడగను?" అన్నాడు, నేలవైపు చూస్తూ.

కొంగులోంచి అమ్మ ఇత్తడి చెంబు తీసి రహీం చేతిలో పెట్టాను. "మీ ట్యాంకుకి బదులు ఇది. ఇక మావాడు అడగొచ్చు."

రహీం చెంబుని తిప్పితిప్పి చూశాడు. వంగి, దాని అంచుని ఆ సొట్టలో ఆనించాడు. గీతలో సరిగ్గా కూర్చుంది. "మిల్ గయా దీదీ... నా ట్యాంక్ నాకు ముట్టింది" అని నవ్వాడు.

"భయ్యా... మా ట్యాంకు..." అని సూరిబాబు ఆగిపోయాడు. సొట్ట మీద అరచెయ్యి పెట్టాడు.

"ఓడ వచ్చేదాకా ఉంచుకో భయ్యా" అన్నాడు.

క్షమించమని నేను వాణ్ని అడగలేదు. ఆ పూట చేపల పులుసు పెట్టాను. వాడు రెండుసార్లు పోయించుకున్నాడు.

ఇప్పుడు బండి సామాను ఏది కావాలన్నా పార్సిల్‌లో ఇంటికే వచ్చేస్తోంది. ఎవరి బండి మొత్తం వాళ్లదే. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు, ఎవరి మీదా అనుమానం అక్కర్లేదు... నాకు అనుమానం వచ్చేదే అక్కడ.

మీ ఇంటి వస్తువు ఇంకొకరి ఇంట్లో ఇంకా బతుకుతోందా? రాయండి, చదువుతాను. నమ్ముతానని మాత్రం మాటివ్వలేను.

రహీం ఇంకా పందేలు వేస్తున్నాడు. సూరిబాబు దగ్గరుండి జెండా ఊపుతాడు. ఆ ఓడ మాత్రం... ఇంకా రాలేదట.