ముగింపులో కన్నం పడిన సీరియల్: అల్ ఖోర్‌లో మా కార్తీక వనభోజనం

నవంబరు చివర్లో, దోహాలో అల్ హిలాల్‌లోని మా ఫ్లాట్‌లో ఏసీ ఆపేసే రోజు ఒకటి వస్తుంది. నాకు ఆ రోజే పండగ. ఎనిమిది నెలలుగా చెవుల్లో గింగురుమన్న మోత ఆగిపోయి, వంటింట్లో నేను దంచే అల్లం చప్పుడు నాకే కొత్తగా వినబడుతుంది. గ్యాసు డబ్బుతో ఊరంతా ఉడికిపోతున్న రోజులివి. వెస్ట్ బే వైపు పోయిన నెల కనబడిన ఆకాశం ఈ నెల కనబడదు, అక్కడో కొత్త టవరు లేచి ఉంటుంది. అయినా కిటికీలోంచి చల్లగాలి రాగానే నాకు అవేవీ పట్టవు. మిరియాల చారు, నువ్వుల చిమ్మిలి, మోకాళ్ళ మీద దుప్పటి, చేతిలో పుస్తకం ఉంటే చాలు, ప్రాణం లేచొస్తుంది. బక్రీదు సెలవులు, జాతీయ దినం సెలవు ముందున్నాయి కాబట్టి, ఈ చలికి ఏం వండుకోవాలి, ఏం చదువుకోవాలి అని అడిగేవాళ్ళ కోసం ఈసారి ఇల్లు కదలని టపా రాద్దామనుకున్నాను. తీరా చూస్తే ప్రయాణం రాయాల్సి వచ్చింది. కారణం రాజన్న.

నేను అల్ సద్‌లో ఒక క్లినిక్‌లో రక్త పరీక్షల విభాగంలో పనిచేస్తాను. రాజన్న జగిత్యాల వైపు మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి. ఉత్తరాన గ్యాసు ప్లాంట్ల దగ్గర ఇనప గొట్టాలతో పరంజా కట్టే పని. షుగరు పరీక్షకి కంపెనీ బండిలో అప్పుడప్పుడూ మా దగ్గరికి వస్తాడు. వేసవిలో ఒకసారి నా బల్ల మీదున్న పుస్తకం చూసి, "గది కథల పుస్తకమా మేడం?" అని అడిగాడు. అది మా అమ్మ వారపత్రికలోంచి వారం వారం కత్తిరించి బైండు చేయించిన సీరియల్. కాకినాడలో మా ఇంట్లో అలాంటివి ఒక ట్రంకు పెట్టె నిండా ఉండేవి. "నాకు సదువు రాదు గని, మా రూముల నర్సయ్య సదివితే అందరం ఇంటం" అన్నాడు. ఇచ్చాను.

మొన్న వచ్చినప్పుడు సూది గుచ్చుతుంటే కూడా మొహం వెలిగిపోతోంది. "మేడం, నాకిప్పుడు సదువు అచ్చింది" అన్నాడు. ఎలాగంటే, నర్సయ్య చదువుతూ చదువుతూ కథ మంచి పట్టులో ఉండగా పుస్తకం మూసి, చాయ్ పెట్టి తెస్తే గానీ తెరవనంటాడట. నెల రోజులు చాయ్ మోశాక రాజన్నకి ఒళ్ళు మండింది. ఆ కోపంతోనే అచ్చులూ హల్లులూ పట్టి, వత్తుల దాకా వచ్చాడు. భక్తితో చదువు నేర్చినవాళ్ళ గురించి విన్నాను గానీ, చాయ్ పెట్టలేక నేర్చినవాణ్ణి ఈయన్నే చూశాను.

అంతలో పుస్తకం అయిపోయింది, కథ మాత్రం అవలేదు. తప్పు నాదే. ఆఖరి భాగం దీపావళి ప్రత్యేక సంచికలో వచ్చింది. ఆ సంచిక పెద్ద సైజు కావడంతో బైండులో ఇమడక, అమ్మ దాన్ని విడిగా కుట్టి ఇచ్చింది. అది మా బీరువాలో ఒక ప్లాస్టిక్ కవర్లో ఉండిపోయింది.

"వచ్చే గురువారం ఫైనల్ ఎగ్జిట్ మేడం. ఇగ మళ్ళ రాను" అన్నాడు రాజన్న. "ఆఖరుది నేనే సదువుతనని అందరి ముందట అన్న. నీతోటి కాదురా అని నర్సిగాడు నవ్విండు. ఈ శుక్రవారం ఖోర్ కాడ తోటల వనభోజనం పెట్టుకున్నం. మీరు, సారు వచ్చి గా కాయితాలు నా చేతికియ్యాలె."

ఇంకేం కావాలి? కార్తీక మాసం చివరి శుక్రవారం, చల్లగాలి, వనభోజనం, పైగా సీరియల్ ముగింపు! శుక్రవారం వచ్చేదాకా నాకు కాలు నిలవలేదు.

శుక్రవారం పొద్దున అయిదింటికే లేచి పులిహోర కలిపాను. నువ్వులు వేయించి బెల్లంతో దంచి చిమ్మిలి ఉండలు చుట్టాను. మావారు మురళి డబ్బాలు మోశారు. ఇంటి దగ్గర టాక్సీ ఎక్కితే బస్ స్టేషన్‌కి పన్నెండు రియాళ్ళయింది. ఏడున్నర బస్సులో అల్ ఖోర్‌కి మనిషికి అయిదు రియాళ్ళు, ప్రయాణం గంటా పావు. శుక్రవారం పొద్దున బస్సులు తక్కువ కాబట్టి ఒకటి తప్పిపోతే పడిగాపులు తప్పవు. ఆడవాళ్ళకి ముందు సీట్లు ఇస్తారు. పెషావర్ నుంచి వచ్చిన డ్రైవరు మా డబ్బాల వంకా, నా ఒళ్ళో ప్లాస్టిక్ కవరు వంకా చూసి, "ఖానా సమఝ్ మే ఆయా, యే కాగజ్ క్యా హై బహెన్?" అన్నాడు, తిండి సరే ఈ కాగితాలేమిటని. కథ ముగింపు అని చెప్పాను. "తబ్ తో సంభాల్ కే" అని, భద్రంగా పట్టుకోమన్నట్టు నవ్వుతూ బ్రేకు మీద కాలు మెత్తగా వేశాడు.

దోహా దాటాక దారంతా క్రేన్లు, కూలీల బస్సులు, మధ్యలో ఎక్కడో తీరిగ్గా నడిచే ఒంటెలు. ఇలాంటి ప్రయాణానికి చిన్న కథల సంపుటి వెంట ఉంటే మంచిది. నవల తెరిస్తే దిగాల్సిన చోటు దాటిపోతారు, నాకు అనుభవమే. ఆ రోజు చేతిలో ఉన్న ఆఖరి భాగాన్ని మాత్రం కవర్లోంచి తీయలేదు. ఎప్పుడో ఎనిమిదో తరగతిలో చదివింది, ముగింపు మసకమసకగా తప్ప గుర్తులేదు. వాళ్ళతో కలిసే వినాలని ముచ్చటపడ్డాను. ఆ ముచ్చట నా కొంప ముంచబోతోందని నాకేం తెలుసు!

అల్ ఖోర్‌లో దిగగానే మలయాళీల హోటల్లో కరక్ చాయ్ తాగండి, ఒక్క రియాలే. ఏలకులు దట్టంగా వేసి పాలు బాగా మరగబెడతారు. చక్కెర తక్కువ వేయమని ముందే చెప్పకపోతే పానకం తాగినట్టే. అక్కడికి రాజన్నవాళ్ళుండే కూలీల క్యాంపు నుంచి పికప్ బండి వచ్చింది. ఇరవై నిమిషాల్లో తోట చేరాం. తోట చూసుకునేవాడు కూడా కరీంనగర్ వైపు మనిషేనట, అందుకే అనుమతి దొరికింది.

ఉసిరి చెట్టు కింద తింటేనే వనభోజనం. ఇక్కడ ఉసిరి చెట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని క్యాంపు వాళ్ళు రంగు డబ్బాలో ఒక ఉసిరి మొక్కని పెంచుకుంటున్నారు. అడుగున్నర పొడుగుంటుంది. దాన్ని తెచ్చి పెద్ద రేగు చెట్టు నీడలో పెట్టి, పసుపు కుంకాలు వేశారు. చెట్టు కింద కూర్చోవడం కుదరదు గనక నలభై మందిమీ చెట్టు చుట్టూ కూర్చున్నాం. "మూడేండ్ల సంది నీళ్ళు పోస్తున్నం. డబ్బా మారుతున్నది గని చెట్టు పెరుగుతలేదమ్మా" అన్నాడు ఒక బక్కపలచటి పెద్దాయన. ఆయనే నర్సయ్య. రూములో అందరికంటే పెద్దవాడు, పదో తరగతి దాకా చదివినవాడు, మీసం కింద ఎప్పుడూ ఒక వెక్కిరింత సిద్ధంగా ఉంటుంది.

భోజనం గురించి ఎంత చెప్పినా తక్కువే. బియ్యప్పిండి ముద్దని మూకుడుకి అంటించి కాల్చిన సర్వపిండి, అంచులు కరకర, నడుమ మెత్తన. దాంతో పచ్చిపులుసు. కార్తీకమని ఉల్లిపాయ మానేసి, నువ్వుల పొడీ ఎండుమిర్చీ వేశారు. గుత్తివంకాయ, ముద్దపప్పు, అల్లం గారెలు. మా పులిహోర చూసి, "ఇంత పులుపేంది మేడం?" అంటూనే రెండోసారి వడ్డించుకున్నారు. తిన్నంతసేపూ రాజన్న మాత్రం అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. "తినురా, బలం వస్తది. వత్తులు పలకాలె కద" అని నర్సయ్య చురకలు అంటిస్తున్నాడు.  గురువారం వెళ్ళిపోయే మనిషి, మళ్ళీ ఈ నలభై మందీ ఒక్కచోట దొరకరు. ఇవాళ చదవలేకపోతే జీవితాంతం వీళ్ళకి చాయ్ పెట్టిన రాజన్నగానే మిగిలిపోతాడు. 

మధ్యాహ్నం రెండింటికి కాగితాలు ఆయన చేతికిచ్చాను. కథ తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఒకే గోడకి అటూ ఇటూ కాపురముండే అక్కాచెల్లెళ్ళు పొలం గట్టు తగాదాతో పన్నెండేళ్ళు మాట్లాడుకోరు. ఆఖరి భాగంలో అక్క చెల్లెలి ఇంటికి బయలుదేరుతుంది. రాజన్న వేలు పెట్టి మొదలుపెట్టాడు. "వా... న... వాన. కు... రు... స్తోం... ది." ఒక్కో వాక్యానికి ఒక్కో చెమట చుక్క. నలభై మందిలో ఒక్కడూ దగ్గలేదు. మొదటి కాగితం అరగంట పట్టింది. రెండోదానికి గొంతు కాస్త కుదురుకుంది. మూడోది ఆఖరిది. అక్క తడుస్తూ గుమ్మం ముందు నిలబడింది. తలుపు తట్టింది. లోపల అలికిడి అయింది. అక్క నోరు విప్పి అంది...

రాజన్న ఆగిపోయాడు.

"ఆగిందిరో బండి! పెట్రోల్ మాఫీ!" అని నర్సయ్య తొడ చరిచాడు. మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో లేదు అని. నవ్వులు లేచాయి. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు కనబడింది. అక్క మాట్లాడాల్సిన చోట అరచేయంత చదరంగా కాగితం లేదు. నీటుగా కత్తెరతో కోసి ఉంది. కన్నం కింద రెండే వాక్యాలు మిగిలాయి. వెనక తిప్పి చూడక్కర్లేకుండానే అర్థమైపోయింది. దీపావళి సంచిక, వెనక పేజీ వంటల పేజీ! సీరియల్ విడదీసి దాచిన మా అమ్మే, దాని వెనకున్న వంటకాన్ని కూడా కత్తిరించి దాచుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ముందురోజు ఒక్కసారి తిరగేస్తే సరిపోయేది కదా! తప్పు మాది అని చెప్పడానికి లేచాను.

రాజన్న అరచెయ్యి కన్నం మీద కప్పి, నా వైపు చూసి, "కూసోన్రి మేడం" అన్నాడు మెల్లగా. మళ్ళీ కాగితం మీదికి వంగాడు. ఈసారి తడబాటు లేదు.

"చెల్లే, నువ్వు మాట్లాడకున్నా సరే, పొద్దుగాల లేవంగనే మీ ఇంటి మీద పొగ జూసేదాన్ని. పొగ లేస్తే నీ పొయ్యి అంటుకున్నదని, నువ్వు బాగున్నవని నా పని జేసుకునేదాన్ని. పన్నెండేండ్లు గట్లనే జూసిన. ఇయ్యాల పొగ రాలే. అందుకే వచ్చిన."

అంతవరకూ గోదావరి మాటలాడిన అక్క ఒక్కసారిగా జగిత్యాల మాట ఎత్తుకుంది. నలభై మందికీ తెలిసిపోయింది, అది అచ్చులో ఉన్న మాట కాదని. ఒక్కడూ నవ్వలేదు. రాజన్న చెయ్యి తీసి, కన్నం కింద మిగిలిన వాక్యాలు మళ్ళీ వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. "త... లు... పు తె... రు... చు... కుం... ది. తడిసి... పో... యావు, లో... ప... లికి రా అన్న... ది చె... ల్లె... లు."

నర్సయ్య లేచి వచ్చి కాగితం అందుకున్నాడు. ఎండకేసి పట్టుకుని, ముందూ వెనకా చూశాడు.  కన్నంలో వేలు పెట్టి అందరికీ చూపించి, "ఉన్నది సదివిండు. లేనిది గూడ సదివిండు" అన్నాడు. కాగితం తిరిగి రాజన్న చేతిలో పెట్టాడు. "ఇగ నాతోటేం పని? కూసో రాజన్నా, నేను చాయ్ పెట్టుకొస్త."

తోటంతా ఈలలు, చప్పట్లు. మురళి అంత గట్టిగా చప్పట్లు కొట్టడం నేను మా పెళ్ళయ్యాక ఇదే చూడటం. నేనైతే ఏడ్చేశాను, దాపరికం ఏముంది!

నాలుగింటి బస్సుకి తిరుగు ప్రయాణం. కాగితాలూ బైండూ రాజన్నకే ఇచ్చేశాను. "మా ఇంట్ల ఆమెకు సదివి వినిపిస్త" అని సంచిలో బట్టల మధ్య పెట్టుకున్నాడు. దారిలో అమ్మని కడిగేద్దామని ఫోను చేశాను. "గుమ్మడికాయ హల్వా కోసం కత్తిరించానే. ఆ ఏడాది మంచి గుమ్మడికాయ దొరక్క అసలు చేయనేలేదు" అంది నిమ్మళంగా. సరే, అక్క ఏమంటుందో గుర్తుందా అని అడిగాను. "ఏముంది, తలుపు పట్టుకుని క్షమించమంటుంది. రెండు పేరాల ఏడుపు" అంది. నేను రాజన్న మాటలు చెప్పాను.  "ఇదే బావుందే" అంది అమ్మ.

ఈ చలికాలం సెలవుల్లో నాకు నచ్చిన తిండి, నచ్చిన పుస్తకం అని వేరే జాబితా రాయను. సర్వపిండి ముక్క, పచ్చిపులుసు, మూడు కాగితాలు, అంతే. చిన్నప్పటి నుంచీ చదవడమంటే ఎవరూ పలకరించకుండా ఒక మూల దుప్పట్లో దూరడమే అనుకున్నాను. అదీ సుఖమే, కాదనను. కానీ నలభై మంది ఊపిరి బిగబట్టుకుని ఒక్క మాట కోసం ఎదురుచూస్తుంటే, ఆ మాట వెతుక్కుంటూ ఒక మనిషి వేలు కాగితం మీద కదలడం చూశాక, ఇన్నేళ్ళూ నేను పుస్తకాన్ని సగమే అనుభవించానేమో అనిపిస్తోంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా. శుక్రవారం ఏడున్నర బస్సు పట్టుకోండి, క్యాంపులకి పెద్ద అక్షరాల పుస్తకాలు తీసుకెళ్ళండి. కానీ మీరు చదివి వినిపించకండి. వాళ్ళ చేతికివ్వండి. కాస్త ఆలస్యమవుతుంది, కూర్చోండి.