మామ అంటే అమ్మట

మా నాన్న పనిచేసే ఫ్యాక్టరీలో కొందరు విదేశీ ఇంజనీర్లు ఉండేవారు. వాళ్ల పిల్లల చేతా మా చేతా కలిపి పాడించాలని ఎవరికి బుద్ధి పుట్టిందో గానీ, డెబ్బైల్లో ఒక ఏడాది కాలనీ క్లబ్బు గోడకి ‘అంతర్జాతీయ బాలల పాటల పోటీ’ అని గుడ్డ మీద రాసి కట్టారు. నియమం ఒక్కటే. ఎవరి తల్లిభాషలో వాళ్లు పాడాలి, పాడేముందు ఆ పాట దేని గురించో ఒక ముక్క చెప్పాలి.

అదేం బ్రహ్మవిద్యా అనుకుంటారు మీరు. నాకు అక్కడే చిక్కొచ్చిపడింది.

“మీ అమ్మ మీతో మాట్లాడేదే తల్లిభాష” అన్నారు పాటల మాస్టారు. మా అమ్మది గోదావరి వైపు తెలుగు. మేముండేది మదీనాగూడలో, బొంబాయి రోడ్డు పక్కన, కిరాయి ఇంట్లో. ఇంటావిడ పుట్టిల్లు ఖాజాగూడ. ఆమెది ఇక్కడి తెలుగు. నాకు ఊహ తెలిసేసరికి అమ్మ నా పక్కన లేదు. ఛాతీ జబ్బు చేసి, పుట్టింటి దగ్గర ఆసుపత్రిలో చాలాకాలం ఉండిపోయింది. నాన్నకి షిఫ్టులు. నాకు అన్నం కలిపిపెట్టి, జడలు వేసి, జ్వరమొస్తే భుజాన వేసుకుని దవాఖానకి నడిచింది ఇంటావిడే. ఆమెకి పిల్లల్లేరు. “అవ్వా అను బిడ్డా” అని నేర్పింది. అన్నాను.

అమ్మ కోలుకుని వచ్చాక ఆ పిలుపు విని నవ్వింది. గోదావరి వైపు అవ్వ అంటే ముసలమ్మ. “పాపం, ఆవిడ నాకంటే కాస్త పెద్ద, అంతేగా! తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. అవ్వేమిటే? అత్తయ్యా అని పిలువు” అనేది. నేను వినేదాన్ని కాదు. ఇక్కడి పిల్లలు తల్లిని అవ్వా అని పిలుస్తారని అమ్మకి తెలీదు. తను వీధిలో వాళ్లతో కలిసే మనిషి కాదు, జబ్బు తర్వాత మరీను. నాకు తెలుసా అంటే, తెలుసు. తెలిసినా అది ఆమె పేరనే అనిపించేది. అమ్మ అన్నది ఇంకొకరి పేరు. ఇద్దరికి రెండు పేర్లుంటే తప్పేమిటో నాకు అర్థమయ్యేది కాదు.

పోటీ కోసం అమ్మ నాకు వాన మీద ఒక పాట నేర్పింది. నేర్పడం తక్కువ, దిద్దడం ఎక్కువ. “వోయింది కాదే, వెళ్లింది. మొగులేమిటి నా మొహం, మబ్బు అను.” నాకు ఒళ్లు మండేది. కానీ అమ్మ నా పక్కన కూర్చుని నా నోటివంకే చూస్తూ ఉండటం నాకెంతో ఇష్టంగా ఉండేది. ఆ పాట బాగా పాడి అమ్మని మెప్పించాలి. అదొక్కటే నా పట్టుదల.

ఆరోజు హాలు కిటకిటలాడింది. బెంగాలీ, పంజాబీ, జర్మన్, జపాన్ భాష, ఒకదాని వెనక ఒకటి. మలయాళం పిల్ల ఊపిరెక్కడ తీసుకుందో ఎంత చూసినా దొరకలేదు. ఏ పాటకి నవ్వాలో, ఏ పాటకి ఏడవాలో తెలియక పక్కవాళ్ల మొహాలు చూసుకుంటూ కూర్చున్నాం. ఆ తర్వాత ఒక రష్యన్ పిల్ల వచ్చింది. మామా, మామా అంటూ కళ్లనీళ్లు పెట్టుకుని మరీ పాడింది. మేం కిసుక్కుమన్నాం. మామయ్య మీద అంత ప్రేమేమిటి? మాకున్న మామయ్యల్లో ఒక్కడూ అంత ఏడుపుకి తగినవాడు కాడు.

మాస్టారు మా వైపు ఉరిమి చూశారు. “నోర్మూయండి. వాళ్ల భాషలో మామ అంటే అమ్మ.”

నా బుర్ర తిరిగిపోయింది. మామ అమ్మెలా అవుతుంది? అమ్మ అని ఎన్ని రకాలుగా అంటారు? అంతలో నన్ను పిలిచారు. మైకు ముందు నిలబడితే అమ్మ నేర్పిన వాన పాటలో ఒక్క ముక్క గుర్తు రాలేదు. నోరు తెరిస్తే, ఇంటావిడ నన్ను పడుకోబెడుతూ పాడే పాట వచ్చింది. తన చిన్నప్పుడు, రాళ్లు కొట్టే పనికి వెళ్లిన తల్లి కోసం గడపలో కూర్చుని ఆమె కట్టుకున్న పాటట.

“పొయ్యి మీద గట్క ఉడికె, గుట్ట మీద మొగులు కమ్మె, పనికి వోయిన అవ్వ రావె...”

పాడేశాక చప్పట్లు. పాట దేని గురించో చెప్పడం మరిచావని మాస్టారు గుర్తుచేశారు. “మా అవ్వ పాట” అన్నాను. ముందు వరసలో ఒక ఆఫీసరు విదేశీ దొరసానికి ఇంగ్లీషులో చెప్పబోయాడు, వాళ్ల అమ్మమ్మ గురించి అని. మాస్టారిది ఇక్కడి ఊరే. ఆయన ఊరుకుంటారా!

“గట్ల కాదు సార్! మా దిక్కు అవ్వ అంటే తల్లి. ఈ పిల్ల వాళ్ల తల్లి మీద పాడింది. ఆ తల్లి గిదే హాల్ల ఉన్నది. జర లేచి నిలబడండమ్మా.”

అందరూ వెనక్కి తిరిగారు. అమ్మ లేచి నిలబడింది. చప్పట్లు ఇంకా పెద్దగా మోగాయి. రష్యన్ పిల్ల తల్లి అమ్మ చేతులు రెండూ పట్టుకుని ఊపేసింది. అమ్మ నవ్వాలని చూస్తోంది గానీ, ఆ పెదవులు ఎటు పోవాలో వాటికే తెలియనట్టున్నాయి. నేను గెలిచానో, ఏదైనా పగలగొట్టానో నాకు తెలియలేదు.

బస్సులో అమ్మ అడిగింది.

“ఆ మాటకి అర్థం నీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

“మరి నేనెవర్నే?”

“అమ్మవి.”

“రెండూ ఒకటేనా?”

ఒకటే అంటే ఏడుస్తుంది. కాదంటే ఇంటావిడని ఏదో చేసినట్టవుతుంది. అంతలో మా స్టాపు వచ్చింది.

ఇంటావిడ గుమ్మంలోనే ఉంది. పొద్దుటినుంచీ పరేషాన్ అయిందట, పిల్ల స్టేజీ మీద భయపడిందేమోనని. “పాడినవా బిడ్డా? ఏం పాట పాడినవే?” అంది.

నేను అమ్మవంక చూశాను. అమ్మే చెప్పింది. “మీ పాటే పాడిందండీ వదినగారూ. మీ గురించే పాడింది.”

ఆమె మొహం విప్పారింది. “నా గురించా! నా బిడ్డ గాకుంటే ఇంకెవలు పాడుతరమ్మా!” అంటూ నాకోసం చేతులు చాచింది. ఇక్కడ ఏ ఆడపిల్లనైనా బిడ్డా అంటారు. ఆ సంగతి అమ్మకి తెలుసో లేదో.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకునే ఉంది. కాసేపటికి వదిలేసింది. “వెళ్లు” అంది. వెళ్లాను. ఆమె నన్ను ఎత్తుకుంటే, ఆ భుజం మీంచి అమ్మనే చూస్తూ ఉన్నాను.